ఆవకాయతో అదనపు ఆదాయం: కొత్తవారికి సూచనలు

రెండో సంపాదన కావాలంటే కొత్త విద్యలేవీ అక్కర్లేదట, చేతిలో ఉన్న విద్యనే సొమ్ము చేసుకోవాలట. ఆ విద్య ఏమిటో మీరు వెతుక్కునే పని కూడా లేదు. ఏ పెళ్లి భోజనాల దగ్గరో ఒక పిన్నిగారు చెప్పేస్తారు: "నీ ఆవకాయ ముందు షాపుల్లోవి ఎందుకు పనికొస్తాయే! అమ్మకానికి పెడితే లక్షలు." మార్కెట్ సర్వే అంటే ఇదే. ఆ పిన్నిగారు డబ్బిచ్చి పచ్చడి కొన్న దాఖలా ఎక్కడైనా ఉందా అని మాత్రం ఆరా తీయకండి.

ముహూర్తం ఏప్రిల్, మే నెలలు. తొలకరి పడితే కాయ పులుపు తగ్గుతుంది, టెంక కట్టని కాయైతే ముక్క మెత్తబడుతుంది. చిన్నరసమా, జలాలా, గోదావరి జిల్లాల కొత్తపల్లి కొబ్బరా అన్నది మీకు చెప్పాల్సినంతటి దాన్ని కాను. నేను చెప్పేది వ్యాపారం. సీజన్లో రైతుబజారుకు వెళ్తే కాయకు ఇంత అని తీసుకుని ముక్కలు కొట్టి ఇచ్చేవాళ్లుంటారు. అటు పోకండి, అది ఖర్చు. ఇంట్లో కత్తిపీట ఉంది, ఆదివారం ఉంది, మీ ఆయన భుజం ఉంది. సోమవారానికి ఆ భుజం పైకి లేవకపోతే, రాసుకునే మందు డబ్బులు ఇంటి ఖాతాలో వేసుకోవాలి గానీ పచ్చడి ఖాతాలోకి తేకూడదు.

ఆ తర్వాత జీడి తీయడం, టెంకకు అంటిన పొర గీకడం, ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడవడం. ఒక్క తడి ముక్క చాలు, జాడీ అంతా బూజు పట్టడానికి. కలిపాక మూడో రోజున తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలేదాకా పోయాలి. పిన్నిగారు మెచ్చుకున్న చేతిమహిమంతా ఈ గీకుడులోనూ తుడుపులోనూ ఉంది.

ఇక ధర. దీనికి ఒక నోటు పుస్తకం కొనండి. కాయలు, కారం, ఆవాలు, ఉప్పు, మెంతులు, నువ్వులనూనె, సీసాలు అన్నీ పైసలతో సహా రాసి, అక్కడ గీత గీసేయండి. గీత కింద మీ కూలి రాయాలన్న దుర్బుద్ధి పుట్టవచ్చు. ఇద్దరు మనుషులు నాలుగు రోజులు పడ్డ పాటుకు, రోజుకు 600 చొప్పున వేసుకున్నా 4,800 అవుతుంది. ఇరవై కిలోల పచ్చడి మీద పంచితే కిలోకు 240. ఈ అంకె చూసినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కాబట్టి చూడకండి. సరుకుల ఖర్చు పోను కిలోకు నూట యాభై మిగిలిందా? దాన్ని లాభం అని పిలవండి. తక్కువపడ్డ కూలికి ఇంత ముద్దుపేరు ఇంకెక్కడా దొరకదు. గోదావరి జిల్లాల్లో ఉసులుమర్రు అనే ఊళ్లో పచ్చళ్లే వ్యాపారం. అక్కడ ముక్క కొట్టిన చేతికీ, కలిపిన చేతికీ కూలి లెక్క ఉంటుంది. అలాంటి పాతకాలపు అలవాట్లు మనకెందుకు!

ప్రభుత్వం మాత్రం మిమ్మల్ని ఆదుకోదలచింది. ఆహార భద్రతకు సంబంధించిన 2011 నాటి నిబంధనలు ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటని చిన్న తయారీదారుకు రిజిస్ట్రేషన్ ఫీజును ఏడాదికి 100 రూపాయలుగానే పెట్టాయి. వాళ్లిచ్చే పద్నాలుగు అంకెల నంబరు సీసా మీద వేసుకోవచ్చు. మొత్తం వ్యవహారంలో ఇంత చవకైనది ఇదొక్కటే గనక, దీన్నే వాయిదా వేయండి.

కొనేవాళ్లు బంధువుల్లోంచే వస్తారు. మేనత్తగారికి రుచి చూడ్డానికి అరకిలో, తోడికోడలి పుట్టింటికి మొహమాటానికి కిలో. డబ్బిచ్చేవాళ్లు చివర్న వస్తారు, వస్తూ వాళ్ల అమ్మ చేతి రుచిని కూడా వెంట తెస్తారు. ఒకరికి నువ్వులనూనె తప్ప పడదు. కరీంనగర్ వైపు వాళ్లు అల్లం వెల్లుల్లి ముద్ద, పల్లీనూనె లేకుండా అది ఆవకాయ ఎలా అవుతుందంటారు. ఇంకొకరికి వెల్లుల్లి వాసనే గిట్టదు. ఎవరినీ కాదనకండి. పది ఇళ్లకు పది రకాలు కలిపితే పెద్ద కంపెనీలేవీ మీతో పోటీపడలేవు. వాళ్లకు అంత పిచ్చి లేదు.

అసలు సంపాదనంతా డాలర్లలో ఉందని కూడా చెబుతారు. సీసా వద్దు, నూనె కారని ప్యాకెట్లలో కట్టి అమెరికాకు పంపమంటారు. కూకట్‌పల్లిలో కొరియర్ ఆఫీసుకు వెళ్తే, పచ్చడి ధరను మించిన రేటు కిలోకు చెబుతారు. వదినగారి కోడలు డాలస్ నుంచి ఆ డబ్బు కిమ్మనకుండా పంపిస్తుంది. పచ్చడి దగ్గరికొచ్చేసరికి "మనలో మనకేంటి అత్తయ్యా, ఓ వంద తగ్గించండి" అంటుంది. తగ్గించండి. కొరియర్ అతన్ని ఎవరూ బేరమాడరు. పాపం, అతనికి చేతిరుచి లేదు, తూకం మిషనొకటే ఉంది.

ఇవన్నీ పాటిస్తే శ్రావణమాసం నాటికి జాడీలు ఖాళీ అవుతాయి. దీన్నే డిమాండ్ అంటారు. డిసెంబరు సెలవులకు ఊరొచ్చినవాళ్లు "రెండు కిలోలు తీసి ఉంచారు కదూ" అని ఫోన్ చేస్తారు. లేదని చెప్పి మాటపోగొట్టుకోకండి. వీధి చివర కొట్లో రెండు సీసాలు కొని తెచ్చి, వేడినీళ్లలో కాసేపు నిలబెట్టండి, చీటీ బంక వదులుతుంది. మీ చీటీ అంటించే ముందు మూత కూడా చూసుకోండి, కొన్ని కంపెనీలు పేరు అక్కడా వేస్తాయి.