కీచుమన్నది నేనే

ఒళ్లంతా ఇత్తడే అయినా సంగీతం చదివినవాళ్లు నన్ను ఇత్తడి వాయిద్యాల పంక్తిలో కూర్చోనివ్వరు. క్లారినెట్ పక్కన, కర్ర వాయిద్యాల బంతిలో విస్తరి వేస్తారు. కారణం నా మూతికి కట్టిన పలుచని పుల్ల, రీడు. బెల్జియంవాడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో మా వంశానికి పేటెంటు తీసుకున్నాడు. పటాలాల బ్యాండ్ల కోసం పుట్టినవాళ్లం, పెళ్లి బరాతుల్లో తేలాం. మైసూరు ప్యాలెస్ బ్యాండులో మా వాళ్లలో ఒకరిని విని మనసు పడ్డ కద్రి గోపాల్‌నాథ్, మాతో కర్ణాటక కీర్తనలు పలికించి 2004లో పద్మశ్రీ అందుకున్నాడు. నా జాతకంలో అంత రాసిపెట్టి లేదు. నేను నిర్మల్‌లో ఒక బ్యాండు మేళంలో ఆల్టో సాక్సఫోన్‌ని. మాఘం, వైశాఖం వస్తే నిద్ర ఉండదు. ఆషాఢమంతా పెట్టెలోనే.

అలాంటి ఆషాఢంలోనే నన్ను మేళం మాస్టరు తన మేనల్లుడి చేతిలో పెట్టాడు. పిల్లగాడికి తాళం బాగా తెలుసు, డ్రమ్ము మీద చెయ్యి తిరిగింది. నన్ను ఊదితే మాత్రం కీచు. గుమ్మం ముందు తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టుకునే అమ్మలక్కలు చేటలు దించి చూసేవారు. “ఏం పిల్లగా, కోడిని కోస్తున్నవా?” అని ఒకామె.

మేళంలో అందరూ చెప్పిన వైద్యం ఒకటే: “గట్టిగ ఊదురా!” ఇంతకంటే చెడ్డ సలహా ఉండదు. తిట్టు పడేకొద్దీ వాడు భయంతో దవడ బిగించేవాడు. బిగించేకొద్దీ రీడుకూ మౌత్‌పీస్‌కూ నడుమ ఉన్న సందు మూసుకుపోయేది. నా గొట్టంలో ఒక్కో స్వరానికి ఒక్కో పొడవు గాలి ఊగుతుంది, రీడు ఆ ఊపుకు లోబడాలి. పెదవి నొక్కేస్తే అది నా మాట వినదు, తన సొంత పై స్వరం పట్టుకొని ఎగిరిపోతుంది. మీరు కీచు అనేది దాన్నే.

మాస్టరు ఒక సాయంత్రం తిట్లు మాని నన్ను విప్పాడు. మౌత్‌పీస్ ఒక్కటీ వాడికిచ్చి ఊదమన్నాడు, పక్కన హార్మోనియం పెట్టుకున్నాడు. ఆల్టో మౌత్‌పీస్ విడిగా ఊదితే పై స్థాయి ఆరు తెలుపు దగ్గర, అంటే దాదాపు 880 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. వాడిది అంతకంటే చాలా పైన కూసింది.

“చూసినవా? కొరుకుతున్నవు. పై పళ్లు ఊకె ఆనిచ్చు. కింది పెదవి మెత్తగ ఉంచు.”

“ఎంత లోపలికి పెట్టుకోవాలె మామా?”

మాస్టరు పతంగి కాగితం చిన్న ముక్క చింపి, రీడుకూ మౌత్‌పీస్‌కూ మధ్య పై నుంచి జార్చాడు. కొంత దూరం పోయి ఆగింది. ఆగినచోట రీడు మీద పెన్సిల్‌తో గీత గీశాడు. “నీ కింది పెదవి గీడికి రావాలె. తక్కువైతే గొంతు పిసికినట్టు అస్తది, ఎక్కువైతే కూత.”

సగం కూతలు ఆ గీతతోనే పోయాయి.

మిగిలిన సగానికి మందు చెప్పింది ఎదురింటి బొమ్మల పనివాడు. జీవితమంతా పొణికి కొయ్య చెక్కినవాడు, సంగీతం ఒక్క ముక్క రాదు. నా రీడు తీసి అద్దం మీద బోర్లించి, “ఇది వంకర పోయింది, కొస అలలు తిరిగింది” అన్నాడు. రీడు కూడా వెదురులాంటి గడ్డిదే కదా, మంచి రకం దక్షిణ ఫ్రాన్సులో పండుతుంది. కొస మందం మిల్లీమీటరులో పదో వంతు. నిర్మల్ ఎండకు తడి ఆరితే కొయ్య తెలిసినవాడికే దాని సంగతి అర్థమవుతుంది. పైగా అది మూడో నంబరు రీడు, ఊపిరి కుదరని పిల్లగాడికి మరీ బిరుసు. రెండో నంబరు తెచ్చారు. కాసేపు నోట్లో నానబెట్టి, కొస మౌత్‌పీస్ కొసతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపి బిగించడం నేర్పారు.

కుడి అరచేతి అంచు పక్క మీటలకు తగలడం ఇంకొక గోల. మెడపట్టీ కొంచెం పైకి బిగిస్తే నా బరువు చేతుల మీద నుంచి దిగింది, చెయ్యి సదురుకుంది.

అయినా కింది స్వరాలకు దిగేటప్పుడు నేను జారి పైకి లేస్తూనే ఉన్నాను. అప్పుడు గానీ నన్ను అనుమానించలేదు. చీకటి గదిలో, వినాయకుడి మండపానికి కట్టే సీరియల్ బల్బుల తీగ నా గొట్టంలోకి దింపి మీటలు మూసి చూశారు. ఎడమ చిటికెన వేలి మీట కింద తోలు ప్యాడ్ అంచున సన్నటి వెలుగు గీత కనిపించింది. పిల్లగాడు ఎంత చక్కగా ఊదినా అక్కడ గాలి కారిపోయేది. తోలు చిరిగి, కింద ఉన్ని నలిగి ఉంది. కొత్త ప్యాడ్‌ను లక్క కరిగించి అతికించారు. ఇన్ని తిట్లూ తిన్నది వాడు, చిరుగు నాది!

తర్వాత మాస్టరు వాడికి పాటలు ఇవ్వలేదు. రోజూ పొద్దున ఒక్కో స్వరం పట్టుకొని ఊపిరి అయ్యేదాకా నిలపమన్నాడు. వినేవాళ్లకు విసుగు, నాకు మాత్రం హాయి. పెదవికీ గాలికీ రాజీ కుదిరేది అక్కడే. పాట కోసం తొందరపెట్టే పెద్దలను చూస్తే నాకు చిరాకు.

భాద్రపదంలో బంగల్‌పేట చెరువు దిక్కు నిమజ్జనం ఊరేగింపులో వాడు మొదటిసారి వరుసలో నిలబడ్డాడు. చాలాసేపు నడిచాక నడుమ ఒక్క కూత వచ్చింది. మాస్టరు తల తిప్పాడు. పక్క బండి డీజే మోతలో ఇంకెవరికీ వినపడినట్టు లేదు. వాడు దవడ బిగించలేదు. నన్ను దించి రీడు చూసి, “ఎండిపోయింది మామా” అని నాలుకతో తడిపి మళ్లీ అందుకున్నాడు.