మేఘాధిపతి గారికి, చలి ఛార్జి విషయమై

మహారాజశ్రీ మేఘాధిపతి గారి సముఖానికి,

విషయం: చలికాలానికి అధిపతి లేకపోవుట, తమరు అదనపు బాధ్యతలు స్వీకరించుట గురించి.

అయ్యా,

ఉగాది పూట పంచాంగ శ్రవణంలో నవనాయకుల్ని చదువుతారు. రాజు, మంత్రి, సేనాధిపతి మొదలుకొని నీరసాధిపతి దాకా తొమ్మిదిమంది. వానకు తమరున్నారు. ఈ ఏడు ఎన్ని ఆఢకాలు, అందులో సముద్రానికెంత, కొండలకెంత, నేలకెంత అన్నది చైత్రంలోనే తేల్చేస్తారు. చలికి మాత్రం అధిపతి లేడు. కుర్చీ ఖాళీగా ఉండేసరికి దసరా వెళ్లగానే ఎవరికి వారే అందులో కూర్చుంటున్నారు. "ఈసారి చలి చంపేస్తుందట" అంటూ టీవీలో ఒక పులి, దాని పంజా. వాతావరణ శాఖ వారైతే మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలు కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గాకే సాధారణంగా శీతగాలులంటారు. పులికి అలాంటి పట్టింపులు లేవు.

ఈమధ్య ఆ పులిని లానినా తోలుకొస్తోంది. భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ నడుమ నీళ్లు మామూలు కన్నా కనీసం అర డిగ్రీ చల్లబడి నెలల తరబడి అలాగే ఉండిపోతే అది లానినా. పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, 1904లో మన వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ అంకెలతో కుస్తీపట్టి తేల్చాడు. పసిఫిక్‌కూ మన వాతావరణానికీ చుట్టరికం నిజమే. కానీ 2020-21 చలికాలం లానినాదే కదా, ఆ జనవరిలో దక్షిణ భారతం రాత్రుళ్లు 1901 తర్వాత ఏ జనవరిలోనూ లేనంత వెచ్చగా గడిచాయి. సగటు కనిష్ఠం 22.33 డిగ్రీలు. అంతకుముందు రికార్డు 1919 నాటిది. పులి ఎటు పోయిందో ఏ చానలూ ఆరా తీయలేదు.

ఎటు పోతుందో తమకు తెలియనిది కాదు. మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాల్లో మంచు కురిపించి సాగిపోతాయి. వాటి వెనకాల పొడిగాలి దిగువకు దిగి ఆదిలాబాద్ దాకా వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే, పగటి వేడినంతా నేల రాత్రికి రాత్రే వదిలేసుకుంటుంది. ఇంతలో బంగాళాఖాతంలో ఓ అల్పపీడనం పుట్టి తూర్పుగాలి తేమ మోసుకొచ్చిందా, మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది, చలి మాయం. జనవరిలో పుట్టబోయే ఆ అల్పపీడనం తేదీ అక్టోబరులో చెప్పగలవాడు లేడు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటరుకు 0.506127 బదులు 0.506 ఇచ్చి కాఫీకి వెళ్లి వచ్చేసరికి, దాని లెక్కలోని వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. ఎంత పెద్ద యంత్రం పెట్టినా సుమారు రెండు వారాలు దాటితే ఫలానా రాత్రి గురించి నికరంగా చెప్పలేమన్న సంగతి అలా బయటపడింది.

అందుకే శాఖవారు తేదీలు చెప్పరు, మూడు నెలల సగటు మీద శాతాలిస్తారు. మామూలు కన్నా చలి ఎక్కువ ఉండే అవకాశం 45 శాతమంటే, అలా కాకపోయే అవకాశం 55. నా దృష్టిలో ఇది నిజాయితీ. నారు పోసిన రైతుకు ఈ నిజాయితీతో పని జరగదు, అదీ నిజమే. డిసెంబరులో యాసంగి నారుమడి చూడండి: చలికి మొలక ఎదగదు, ఆకు పసుపు తిరుగుతుంది. సాయంత్రం పాలిథిన్ పట్టా కప్పి, నాలుగు అంచులా మట్టి పెళ్లలు పెట్టి, పొద్దున్నే తీయాలి. సీజను సగటు మామూలుగానే ఉండి, వరసగా ఐదు రాత్రులు బిగిస్తే చాలు, నారు పోతుంది. అతనికి కావలసింది వచ్చే నాలుగైదు రాత్రుల కబురు. అది ఇప్పుడు బాగానే చెబుతున్నారు, దానికి మాత్రం టీవీలో పులి లేదు.

సీజను జోస్యం నిజంగా కావలసింది స్వెట్టర్లమ్మే టిబెటన్లకు. లూధియానా నుంచి నెలల ముందే అప్పు మీద సరుకు ఎత్తుకొచ్చి మన ఊళ్లలో గుడారాలేస్తారు. ఆ 45 శాతాన్ని నమ్మి ఎన్ని శాలువాలు ఎక్కువ తేవాలో వాళ్లే తేల్చుకోవాలి.

కాబట్టి మనవి ఏమంటే, తమరు ఛార్జి తీసుకుంటే శాతాలతో సహా తీసుకోండి. ఆఢకాల లెక్కన మాత్రం చలిని పంచిపెట్టవద్దు. ఎంత శాతమన్నారో, చివరికి ఎంత చలి పెట్టిందో పక్కపక్కనే రాసి ఏటా ఉగాదికి చదివించండి. పులిని అడవికి పంపే ఉత్తర్వు కూడా ఇప్పించగలరు.

ఇట్లు,
రగ్గు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న పౌరుడు

నకలు: రసాధిపతి గారికి, మామిడి పూత తమ పరిధిలోకి వస్తుందన్న ఆశతో.