కుదుపుదీపిక

మూలం: "మౌంటు పోయిండాది నా. ఇంజిను ఎగిరి పడతాండాది. సౌండు యాడో, నొప్పి యాడో."

అవతారిక: మేనకోడలి పెళ్లిచీరలకని హిందూపురంలో బయల్దేరి ధర్మవరం పోతున్న పన్నెండేళ్ల డీజిల్ బండి ఒకటి నడుమ పెనుకొండలో టీకి ఆగింది. తాళం తిప్పి ఆపగానే, కట్టేసిన గొడ్డు కాలు విదిల్చినట్టు ఒక్క కుదుపు కుదిపి నోరు మూసింది. అద్దం కింద అతికించిన వినాయకుడు ఊడి మా బావ ఒళ్లో పడ్డాడు. టీకొట్టు పక్కనే షెడ్డు. టైరు మీద కూర్చుని ఉగ్గాని తింటున్న మెకానిక్‌కు నా మూడు నెలల గోడు చెప్పుకున్నాను. ఎడమ చక్రం దగ్గర 'టక్' మంటుంది, స్టీరింగు వణుకుతుంది, ఏం మార్చినా పోలేదు. ఆయన చివరి పిడచ మింగి, పొట్లం ఉండచుట్టి పారేసి, పై మూడు వాక్యాలూ పలికాడు. క్లుప్తములు, గంభీరములు గనుక వీటికి వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం.

మౌంటు: ఆంగ్లంలో ఈ మాటకు కొండ అనే అర్థం కూడా ఉంది. పెనుకొండలో నిలబడి 'మౌంటు పోయిండాది' అంటే పండితులు శ్లేష అనుకుని కంగారుపడే ప్రమాదముంది. పెద్దలు ఘనగిరి అని పిలిచిన కొండ చెక్కుచెదరలేదు. టీ తాగుతూ చూశాను. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడి విజయనగరం వదిలి వచ్చిన రాజవంశానికే ఆసరా ఇచ్చిన కొండ అది. ప్రకృతంలో మౌంటు అనగా ఇంజినుకు ఆసరా. రెండు ఇనుప ముక్కల నడుమ గట్టిగా అతికించిన రబ్బరు. చిన్న కార్లలో సాధారణంగా ఇలాంటివి మూడుంటాయి: ఇంజిను పక్కన ఒకటి, గేర్‌బాక్సు పక్కన ఒకటి, కింద ఊగకుండా పట్టుకునేది ఒకటి. కొన్నిటి కడుపులో ద్రవం కూడా ఉంటుంది. అది పగిలితే నల్లటి మరక కారుతుంది.

పోయిండాది: గ్రాంథికులు దీన్ని 'పోయింది' అని దిద్దుతారు. దిద్దకూడదు. 'పోయింది' అంటే ఇప్పుడే పోయినట్టు. 'పోయిండాది' అంటే ఎప్పుడో పోయి, పోయినట్టుగానే ఉండి, యజమాని ఇవాళ తెలుసుకున్నాడని. ఇంత అర్థం కృష్ణా జిల్లా క్రియలో పట్టదు.

నా: ఇది 'అన్నా' అనే సంబోధనకు సంక్షేపం. 'నాయొక్క' అని షష్ఠిగా చెప్పుకుంటే బిల్లు విషయంలో మాత్రమే పొసగుతుంది.

ఇంజిను ఎగిరి పడతాండాది: ఇక్కడ కొంచెం ఆగాలి. నాలుగు సిలిండర్ల ఇంజిను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా దాని కడుపులో సెకనుకు దాదాపు 27 పేలుళ్లు జరుగుతాయి. అందులోనూ డీజిల్ పేలుడు మొరటుది. ఇంతటి వణుకును ఇనుముకు ఇనుము బిగించి కూర్చోబెడితే బండిలోని వాళ్ల పళ్లు రాలతాయి. అందుకే ఇంజిను బండిలో ఉంటుంది గానీ బండిని ముట్టుకోదు. హిందూపురం వాళ్లకు ఇది వింత కాదు. పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం ఉంది. నేలకు పూర్తిగా ఆనదు. వచ్చినవాళ్లంతా దాని కింద తువ్వాలు దూర్చి ఇవతల నుంచి అవతలికి లాగుతారు. మా ఇంజినూ అలాంటిదే, దాని బరువు మోసేది రబ్బరు. ఆ రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, ఎక్కడినుంచో కారిన ఆయిలుకు ఉబ్బి, చివరికి ఒక గుంతలో చీలుతుంది. ఒకటి చీలితే దాని వంతు మిగతా రెండూ మోయాలి. ఉమ్మడి కుటుంబాల్లో ఏం జరుగుతుందో అదే జరుగుతుంది.

దీనికి ప్రత్యక్ష ప్రమాణం కూడా ఆయనే చూపాడు. బానెట్ ఎత్తి, "ముందర ఎవురూ నిలబడగాకండి నా" అని సీట్లో కూర్చున్నాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, కుడికాలు బ్రేకు మీద అదిమి, మొదటి గేరులో సగం క్లచ్ వదిలాడు. ఇంజిను తల వెనక్కి వాల్చింది. రివర్సులో మళ్లీ అదే పని. ఈసారి ముందుకు లేచి 'ధడ్' మని కూలబడింది. కాస్త కదలడం సహజమే. ఇది నాలుగు వేళ్లు లేచింది. మా బావ పక్కకు జరిగాడు.

సౌండు యాడో: ఈ పదం మీద పూర్వపక్షాలు చాలా ఉన్నాయి. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని ముందే మాట ఇచ్చాడు. మా బావ అలాంటి మాటేమీ ఇవ్వలేదు. చక్రం బేరింగ్ పోయిందని ఆయన మతం. అది నిలవదు. బేరింగ్ 'హూఁ' అని మూలుగుతుంది, వేగంతోపాటు గొంతు పెంచుతుంది. మా బండి హైవే మీద ఎనభైలో సాధువులా పోయింది. హిందూపురంలోనే ఒక షెడ్డువారి మతం సస్పెన్షన్ లింకు రాడ్లని. వారు తమ మతాన్ని మా ఖర్చుతో ఆచరించారు కూడా. కొత్త రాడ్లతోపాటు పాత శబ్దమూ ఇంటికొచ్చింది. డిక్కీలో జాకీ వదులుగా ఉందని మా ఆవిడ మతం. నిజానికి అది వదులుగానే ఉంది. గుడ్డ చుట్టి కట్టేస్తే ఒక శబ్దం పోయింది. ఇంతమందిలో పైసా ఖర్చులేని ఫలితం ఇచ్చింది ఆమె ఒక్కతే.

వీళ్లంతా శబ్దం ఎక్కడుందని అడిగారు గానీ ఎప్పుడుందని అడగలేదు. సైంధవం తెమ్మంటే భోజనం దగ్గర ఉప్పు, ప్రయాణం దగ్గర గుర్రం. అలాగే 'టక్' అనే శబ్దం స్పీడ్‌బ్రేకర్ మీద వస్తే సస్పెన్షన్, స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు టకటకమంటే యాక్సిల్ జాయింటు, క్లచ్ వదిలిన క్షణాన, గేరు మారిన క్షణాన, ఇంజిను ఆపిన క్షణాన వస్తే మౌంటు. ఇక అన్వయవ్యతిరేకాలు. ఏసీ వేస్తే వణుకు పెరిగింది, తీస్తే తగ్గింది. ఆగి ఉంటే స్టీరింగు జలదరించింది, యాక్సిలరేటర్ కాస్త తొక్కితే ఊరుకుంది. తార్కికుడికి ఇంతకంటే ఏం కావాలి? పొగ కనబడుతూనే ఉంది, మేం నిప్పు కోసం చక్రాల కింద వెతికాం.

నొప్పి యాడో: చీలింది కుడిపక్క మౌంటు. మేం విన్నది ఎడమ చక్రం దగ్గర. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే శబ్దం ఉక్కులో 5,000 మీటర్లు దాటి పోతుంది. బండి ఛాసిస్ అంతా దానికి రాజమార్గం. ఏ రేకు వదులుగా ఉంటే అక్కడ బయటపడుతుంది.

తాత్పర్యం: పాతది తీసి కొత్తది వేయవలెనని.

విశేషాంశాలు: పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు పుడుతున్నాయి. అవి కొత్త పెళ్లికూతుళ్లలా లారీలెక్కి పోతుంటే, ఆ ఫ్యాక్టరీ కంటే వయసులో పెద్దదైన మా బండి రోడ్డుపక్క వణుకుతూ చూసింది. అసూయ అనుకున్నాం గానీ, కారణం పైన చెప్పబడినది.

పార్టు హిందూపురం నుంచి బస్సులో వచ్చేలోగా మేమూ బస్సెక్కి ధర్మవరం పోయాం. ఒక ఇంట్లో గుంటమగ్గం దగ్గర కూర్చుని చీరలు చూస్తున్నాం. నేసే పెద్దాయన బేరం మాట్లాడుతూనే చటుక్కున ఆపి, గుంటలోకి వంగి, కాలితొక్కుడు దగ్గర తాడొకటి బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. నాకు ముందుకీ వెనక్కీ తేడా వినిపించలేదు. పక్క గదిలో వంట చేస్తున్న ఆమె మాత్రం, "ఇప్పుడు సరిపోయె" అంది.

సాయంత్రం పెనుకొండకు తిరిగొచ్చేసరికి ఇంజిను కింద చెక్కపలక, దాని కింద జాకీ. కొత్త మౌంటు బిగిస్తున్నారు. మెకానిక్ పాతది నా చేతికిచ్చాడు. ఆ చిన్న ముక్క మూడు నెలలు ఇంత ఇంటిని గడగడలాడించింది. పైకి బాగానే కనిపిస్తోంది. షెడ్డు కుర్రాడు నా జేబులోని పది నోటు అడిగి తీసుకుని, రబ్బరుకూ ఇనుముకూ మధ్య దూర్చి, అవతలి పక్క నుంచి లాగాడు.

"లేపాచ్చి నా," అన్నాడు. నోటు తిరిగివ్వలేదు.

ఇది హిందూపురవాస్తవ్యుడును, బావచే నిత్యపీడితుడును అగు కారు యజమాని రచించిన కుదుపుదీపికయందు మౌంటు ప్రకరణము సమాప్తము. కిర్రుమను వైపర్ల ప్రకరణము, వాన పడిన యేడు.