కోటల బాబాయి

హైదరాబాదులో కాపురముండే ప్రతి బంధువర్గంలోనూ ఒక కోటల బాబాయి ఉంటాడు. బాబాయే కానక్కర్లేదు, ఆఫీసులో పక్క సీటాయనో, అపార్ట్‌మెంటులో కింద ఫ్లాటాయనో కూడా కావచ్చు. ఆదివారం పొద్దున బయల్దేరి ఏదో ఒక కోట చూసి రాత్రికి ఇంటికి చేరాలని బుధవారమే వాట్సాప్‌ గ్రూపులో ప్రకటించేది ఆయనే. ఆదివారం పదకొండు గంటలకి, పులిహోర డబ్బాలు గుమ్మం దగ్గర బారులు తీరాక కూడా, ఏ కోటో తేల్చనిదీ ఆయనే. అందుకని జనం ఆయన్ని తేల్చుకోలేని మనిషి అంటారు. ఇది అన్యాయమని నా వాదన. తేల్చుకోలేనివాడు రెండింటి మధ్య నలిగిపోతాడు, నీరసపడతాడు. మన బాబాయి ముఖంలో నీరసం మచ్చుకైనా కనబడదు. ఫోన్‌ తెరమీద మ్యాపుని రెండు వేళ్లతో సాగదీస్తున్నప్పుడు ఆ కళ్లలో ఉండేది దండనాయకుడి వెలుగు. ఆయనకి కోట చూడాలని లేదు, ముట్టడించాలని ఉంది. కోటల్ని కట్టినవాళ్లు కూడా అవి చూడ్డానికని కట్టలేదు గనక, చరిత్ర దృష్టితో చూస్తే ఆయనే సరైన సందర్శకుడేమో.

ఒక్కో కోట మీద ఆయన దాడి ఎలా సాగుతుందో చూడండి. భువనగిరి 50 కిలోమీటర్లు. గుడ్డు బోర్లించినట్టు ఒకే ఒక్క రాయి, 500 అడుగుల ఎత్తు. పశ్చిమ చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు, ఆ బిరుదు మీదే కొండ త్రిభువనగిరి అయింది, వాడుకలో భువనగిరిగా మిగిలింది. ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే అరగంటలో కార్లు కదులుతాయి. ఊరుకోడు. 2014లో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది కదా, ఆ అమ్మాయి మొదట శిక్షణ తీసుకున్నది ఈ రాయి మీదే అంటాడు. గర్వంగానే అంటాడు, నిజమే అంటాడు. కానీ ఆ మాట చెవిన పడగానే మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ చెప్పులు విప్పేసి సోఫాలో కూర్చుంటుంది. ‘పోనీ రాయెక్కొద్దు, అటునుంచటే యాదగిరిగుట్ట’ అని ఎవరో సర్దబోతారు. ఇక ప్రయాణం కోట చేతుల్లోంచి జారి నరసింహస్వామి చేతుల్లో పడుతుంది. దర్శనం క్యూ ఎంత పొడుగుందో విచారణ మొదలవుతుంది. భువనగిరి ఆ రోజుకి బతికిపోయినట్టే.

తరవాత మెదక్, 100 కిలోమీటర్ల లోపు. కాకతీయుల నాటి కోట, ద్వారం మీద గండభేరుండం. అయితే 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన చర్చి ఒకటి ఆ ఊళ్లోనే ఉండటం ఆ కోట దురదృష్టం. మెదక్ చూసొచ్చామని చెప్పేవాళ్లు చాలామంది చర్చిని చూసి, దాని ముందు ఫొటో దిగి, కోటని కారు అద్దంలోంచి పలకరించినవాళ్లే. వరంగల్లు గొడవ వేరు. 150 కిలోమీటర్లు పోయినా పరవాలేదు, గణపతిదేవుడు, రుద్రమ, ప్రతాపరుద్రుడు ఏలిన చోటు, 1323లో ఢిల్లీ సేనల చేతిలో పడిన చోటు, రాష్ట్ర చిహ్నంలోకెక్కిన తోరణం ఉన్న చోటు. కానీ సినిమాల్లో కోటంటే కొండమీద ఉంటుంది, ఇది నేలమీద ఉంది. మట్టి గోడ దాటి, రాతి గోడ దాటి లోపలికెళ్తే ఇళ్లు, పొలాలు, మామూలు ఊరు. సరిగ్గా కోట నడిబొడ్డున కారాపి ‘కోటెక్కడండీ?’ అని అడిగేవాళ్లు ఉంటారు. పిల్లలు నిరాశపడతారని బాబాయి దాన్నీ పక్కన పెడతాడు. రాచకొండ రేచర్ల పద్మనాయకుల రాజధాని, దగ్గరే, కానీ దారి అడగడానికి మనిషి దొరకడట. గండికోట పేరెత్తేది ఎప్పుడూ ఇంజనీరింగు చదివే కుర్రాడే. పెన్నా లోయ ఫొటో చూసి ఎత్తుతాడు, 400 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుందని చెప్పాక దించుతాడు.

అసలు ప్రేమంతా బీదరు మీద. గోల్కొండ కుతుబ్‌షాహీలకి బహమనీలు పూర్వపు యజమానులు కదా, వాళ్ల రాజధాని చూడకపోతే గోల్కొండ అర్థం కాదంటాడు. కొండరాతిలోకి తొలిచిన మూడు వరసల కందకం గురించీ, మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా గురించీ, బిద్రీ సామాన్లకి నల్లటి రంగు పట్టించడానికి ఆ కోట మట్టే వాడటం గురించీ చెబుతుంటే గుమ్మం దగ్గర డ్రైవరు కూడా ఇంజనాపి వింటాడు. చెప్పింది విన్నాక, పక్క రాష్ట్రం గనక టాక్సీకి పర్మిట్టు కావాలన్న సంగతి ఆ డ్రైవరే గుర్తుచేస్తాడు.

ఇదంతా ముందుచూపు కాదా, ముసలీ ముతకా ఉన్న కుటుంబానికి నీడ, నీళ్లు, మెట్లు లెక్క చూసుకోవద్దా అని బాబాయి తరఫున ఎవరైనా అడగొచ్చు. చూసుకోవాలి. కానీ ముందుచూపు ఎక్కడో ఒకచోట ఆగి, ‘సరే, పదండి’ అంటుంది. బాబాయి లెక్కలో ఏ కోటా నెగ్గదు, ఎందుకంటే ప్రతి కోటనీ దాని లోటుతోనే తూస్తాడు: దూరముంటే దూరమని, దగ్గరుంటే ‘ఎప్పుడైనా చూడొచ్చులే’ అని. ఈ ఆదివారం ఒకటి, వచ్చే ఆదివారం ఇంకోటి చూస్తే పోలేదా అన్నది మరో ప్రశ్న. అది ఆయన్ని ఎరగనివాళ్ల ప్రశ్న. ఒక కోటని ఎంచుకోవడమంటే మిగతా అన్నిటినీ ఆ పూటకి శత్రువులకి అప్పజెప్పినట్టు బాధపడే మనిషి ఆయన. ఇంట్లో కూర్చున్నంతసేపూ ఏ కోటా పోలేదు, అన్నీ ఆయనవే. పైగా ఆ కొన్ని గంటల్లో పిల్లలకి చాళుక్యులు, కాకతీయులు, బహమనీలు ముగ్గురూ పరిచయమైపోతారని ఒప్పుకోవాలి. బడిలో ఏడాదంతా చెప్పినా అంత పట్టదు. ఇంతకీ ఈ దూరాలూ ఎత్తులూ నాకింత నోటికెలా వచ్చాయని మీకు అనుమానం రావచ్చు. వెళ్లి చూసినవాడికి రాళ్లు గుర్తుంటాయి, గోడమీద పాకే తొండ గుర్తుంటుంది. కిలోమీటర్లు గుర్తుండేది కూర్చుని లెక్కేసినవాడికి. ఈ వ్యాసంలో కిలోమీటర్లే ఎక్కువున్నాయని నేనూ గమనించాను.

చివరికి ఏం జరుగుతుందో తెలిసిందే. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు గోల్కొండని చుట్టుముట్టి కూర్చున్నాడు, ఫిరంగులకి లొంగలేదు. లోపలి మనిషి అబ్దుల్లా ఖాన్ పన్నీ తలుపు తీశాడు, పని అయిపోయింది. ఇక్కడా అంతే. మధ్యాహ్నం మూడింటికి వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపిస్తుంది: ‘పులిహోర పాచిపోతోంది, గోల్కొండకి పోయి చప్పట్లు కొట్టి వద్దాం పదండి.’ ఊళ్లోనే ఉందనీ, ఎప్పుడైనా చూడొచ్చనీ అన్నిటికంటే ముందే కొట్టేసిన కోట అది. నాలుగున్నరకి ఫతే దర్వాజా గుమ్మటం కింద బాబాయి చప్పట్లు కొడతాడు, ఈ చప్పుడు కిలోమీటరు దూరాన బాలాహిస్సారు మీద వినబడుతుందని అందరికీ చెబుతాడు. వినడానికి మనవాళ్లెవరూ పైకి పోలేదు, పెద్దమ్మ రాతిగట్టు మీద డబ్బా మూత తీస్తోంది. బాబాయి అప్పటికే పక్కకి జరిగి, బీదరుకి ఎన్నింటికి బయల్దేరితే టిఫిను వేళకి చేరతామో చూస్తున్నాడు.