వయసు తగ్గే వాహనం

తిరిగిన దూరాన్ని లెక్కించే ఓడోమీటరు ముందుకే నడుస్తుందన్న నమ్మకం పాతకారు కొనేవారిలో మాత్రమే మిగిలి ఉండగా, పదేళ్లు తిరిగిన బండి బేరానికి నిలిచేసరికి డాక్టరుగారు ఆదివారాలే నడిపారన్న వంశచరిత్రతో పాటు పోయిన బాల్యాన్నీ తిరిగి సంపాదించుకుంటుంది. యాజమాన్య మార్పిడిని అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నా, ఫారం 29, 30లపై తేదీ లేని సంతకాలతోనే బండి మూడు చేతులు మారుతుంది. చలాన్లు మాత్రం (వాటి విశ్వాసం మెచ్చదగినది) మొదటి యజమాని గడపనే వెతుక్కుంటూ వస్తాయి. పొగ పరిమితిలోనే ఉందని చెప్పే కాలుష్య ధ్రువపత్రాన్ని డాష్‌బోర్డులో భద్రపరచుకున్న ఆ వాహనం, సనత్‌నగర్ పారిశ్రామికవాడలోని తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి ముందుగా, పూర్తిగా నిబంధనలకు లోబడిన నల్లమబ్బును వదులుతూ సాగిపోతుంది.