ఎక్స్‌పీ బాబాయి

పెళ్లి భోజనంలో పక్క కుర్చీ పెద్దమనిషి అప్పడం విరుస్తూ "మీ సిస్టమ్ ఏ సర్వీస్ ప్యాక్ మీద ఉందండీ?" అని అడిగాడంటే ఆయనే ఈయన. అసలు పేరు ఏదైనా కావచ్చు. చుట్టాల పిల్లలంతా ఎక్స్‌పీ బాబాయి అంటారు, ఆయనా పలుకుతాడు. ప్రతి బంధువర్గంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. మీ వైపు లేడంటే మీరు పెళ్లిళ్లకు సరిగా వెళ్లడం లేదన్నమాట.

సిస్టమ్ హాల్లో ఓ మూల ఉంటుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల కొట్లుండే సీటీసీలో దగ్గరుండి అసెంబుల్ చేయించి, సీపీయూ డబ్బాని ఒళ్లో పెట్టుకుని రైల్లో ఊరికి తెచ్చుకున్నాడు. పిన్ని దానికి లేసు అంచుతో ఓ గుడ్డ కుట్టి కప్పింది. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరులో విడుదలైన ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న నీళ్లొదిలేసింది. బాబాయి వదల్లేదు. ఏటా ఆ తేదీ రాగానే "ఇవాళ్టికి ఇన్నేళ్లే" అంటాడు. "ఇద్దరు బ్రాహ్మల్ని పిలవనా?" అంటుంది పిన్ని.

అంత అపురూపంగా చూసుకునే కంప్యూటర్‌తో ఆయన చేసే పనేమిటంటారా? పాలవాడి లెక్క క్యాలెండర్ మీద రాస్తాడు. సినిమాలు టీవీలో చూస్తాడు. కంప్యూటర్‌ని మాత్రం అప్‌డేట్ చేస్తాడు. ఇంకేమీ మిగల్లేదని తెర మీద కనిపించేదాకా చేసి, కనిపించాక షట్‌డౌన్ చేసి, గుడ్డ కప్పేస్తాడు.

మైక్రోసాఫ్ట్ నెలలో రెండో మంగళవారం ప్యాచ్‌లు వదులుతుంది. 2003 నుంచీ అదే పద్ధతి. అక్కడ ఉదయం పదంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. ఆ రోజు బాబాయి పెందరాళే భోంచేసి కుర్చీలో సర్దుకునేవాడు.

"మంగళవారం పూట కొత్త పని మొదలెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను" అనేది పిన్ని.

"కొత్తది కాదే, పాతదే" అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన చరిత్ర అంత తెల్లకాగితం కాదు. సీటీసీ కుర్రాడు మొదట ఎక్కించింది దొంగ ఎక్స్‌పీ. డబ్బు కట్టని సరుక్కి బాబాయి ఏళ్ల తరబడి ఠంచనుగా అప్‌డేట్లు తెప్పించుకున్నాడు. 2008లో మైక్రోసాఫ్ట్ ఓ ఉపాయం పన్నింది. దొంగ కాపీ అయితే గంటగంటకీ డెస్క్‌టాప్ వెనక బొమ్మ పోయి నల్లబడుతుంది. ఆ పచ్చటి కొండ, ఆ నీలాకాశం కాలిఫోర్నియా సోనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ తీసిన ఫొటో. అది పోయి అమావాస్య వచ్చేసరికి బాబాయి ప్రాణం చివుక్కుమంది. ఒరిజినల్ సీడీ కొన్నాడు. ఇప్పుడది బీరువాలో, ఇంటి దస్తావేజుల కింద ఉంటుంది. అప్పట్నుంచీ ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆయన మొదట అడిగేది "ఒరిజినలేనా?" అని. మతం మారినవాడికి మడి ఎక్కువ.

2014 తర్వాతే ఆయన ప్రతిభ పూర్తిగా బయటపడింది. దుకాణాల్లో బిల్లులు కొట్టే మెషిన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీలోనే వేరే రకం ఒకటి తయారు చేసింది, పోస్‌రెడీ 2009 అని. దానికి 2019 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు ఇస్తానంది. రిజిస్ట్రీలో ఓ చిన్న ఎంట్రీ రాస్తే చాలు, మామూలు ఎక్స్‌పీ కూడా తాను బిల్లింగ్ మెషిన్నేనని చెప్పుకుంటుంది. ఇవి మీకోసం కాదు, తేడా వస్తే మాకు సంబంధం లేదని కంపెనీ హెచ్చరించింది కూడా. బాబాయి ఆ ముక్క చదివాడు, చదవనట్టు ఊరుకున్నాడు. అలా ఐదేళ్లపాటు మా వాళ్ల హాలు మైక్రోసాఫ్ట్ లెక్కలో ఓ సూపర్‌మార్కెట్ కౌంటర్.

"నిజంగా కౌంటర్ పెట్టినా నాలుగు రాళ్లొచ్చేవి" అంది పిన్ని.

2017 మే నెలలో వానాక్రై వైరస్ ప్రపంచం మీద పడి, ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగింది. మైక్రోసాఫ్ట్ హడావిడిగా, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ ఇచ్చింది. ఆ వారం బాబాయి వీధి అరుగు దిగలేదు, వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పడంతోనే సరిపోయింది. తర్వాత తేలిందేమిటంటే, దెబ్బ తిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. ఎక్స్‌పీల్లో చాలావరకు వైరస్ ఎక్కబోతుండగానే నీలం తెర పడి ఆగిపోయాయి. అంటే వైరస్ కూడా వాటి మీద సరిగా నడవలేకపోయింది. దీన్ని ఘనతగా చెప్పుకోగలిగింది భూమ్మీద బాబాయి ఒక్కడే.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఎక్స్‌పీలో ఏదీ చెడిపోలేదు, అవతలివాళ్లు భాష మార్చేశారు. మామూలు ఎక్స్‌పీకి తెలిసింది టీఎల్ఎస్ 1.0. ఇప్పటి సర్వర్లు 1.2కి తక్కువైతే పలకవు. షా-1 అనే పాత పద్ధతి సంతకాలున్న ఫైళ్లను 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ సెంటర్లోంచి తీసేసింది. బాబాయి నొక్కిన ప్రతి బటనుకీ ఎర్రర్ నంబరే జవాబు. మనిషి చిక్కిపోయాడు.

ఆయనలాంటి బాబాయిలు దేశదేశాల్లో ఉన్నారని అప్పుడే తెలిసింది. లెగసీ అప్‌డేట్ అని కొందరు ఓ ఏర్పాటు చేశారు. ఎక్స్‌పీ పాత భాషలో అడుగుతుంది, మధ్యలో వీళ్ల సర్వర్ దాన్ని కొత్త భాషలో మైక్రోసాఫ్ట్‌కి విన్నవించి సరుకు తెచ్చిస్తుంది. విండోస్ 95, 98ల కోసం తాపత్రయపడే వర్గం ఇంకొకటుంది. వాళ్ల ప్రస్తావన వస్తే బాబాయి తల అడ్డంగా ఊపి, "వాళ్లది మరీ చాదస్తం" అంటాడు.

ఓ రాత్రి ఇదీ పనిచేయలేదు. 80072ఎఫ్8ఎఫ్. సర్టిఫికెట్లన్నీ తీసి మళ్లీ వేశాడు. మోడెమ్ ఆపి పెట్టాడు. సీడీ కోసం బీరువా తాళాలు అడిగాడు. తాళాలు ఇవ్వడానికొచ్చిన పిన్ని తెర మూలకి చూసి, "ఏమండీ, ఇవాళ జనవరి ఒకటా?" అంది. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ చచ్చి, గడియారం 2002కి వెళ్లి కూర్చుంది. ఆ తేదీన సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు, ఎవరు నమ్ముతారు? మర్నాడు వాచీ కొట్లో సీఆర్2032 దొరికింది. పిన్నికి థాంక్స్ చెప్పాడో లేదో నాకు తెలియదుగానీ, ఆ తర్వాత ఆమె కరెంటు బిల్లు ఊసెత్తితే మాత్రం కిక్కురుమనలేదు.

ఇంత చేసినా ఆ సిస్టమ్ భద్రమేనా అంటే, కాదు. అప్‌డేట్లన్నీ పడ్డాయంటే ఉన్నవన్నీ పడ్డాయనే. ఆ తర్వాత బయటపడ్డ కన్నాలకు మందు వేసేవాడు లేడు. ఆ సంగతి బాబాయికీ తెలుసు. అందుకే బ్యాంకు పనులు దాంట్లో చేయడు, ఫోన్లో చేస్తాడు. ఆ ఫోన్లో అప్‌డేట్ చేయమని ఎన్నో నెలలుగా నోటిఫికేషన్ వస్తూనే ఉంది. నొక్కడు. "వీటిని నొక్కితే ఫోను స్లో అవుతుందిరా, కంపెనీవాళ్ల ఎత్తు" అంటాడు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అన్నగారబ్బాయి పండక్కొచ్చినప్పుడల్లా పోరేవాడు, "బాబాయ్, దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయ్, ల్యాప్‌టాప్ నేను కొంటాను" అని. మొన్న దసరా దాటాక వాడే డెస్క్‌టాప్ కారులో వేసుకుని దిగాడు. ఇంజనీరింగ్‌లో ఉండగా అసెంబుల్ చేయించుకున్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కీ గడువు తీరింది. 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ లేదని ఒప్పుకోవడం లేదు.

"ఏదైనా దారుందా బాబాయ్?"

బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. పిన్నిని ఇంకో గుడ్డ కుట్టమన్నాడు.

"పదికేమొచ్చిందిరా, పసిది. ఒరిజినలేనా?"

అబ్బాయి కాఫీ గ్లాసు వైపు చూస్తున్నాడు.