నల్లా మీటరు ఆత్మకథ

హైదరాబాదు నగరమున, నల్లకుంట ప్రాంతపు వీథి యొకదానిలో, ప్రహరీగోడను ఆనుకొని, ఇనుప మూతగల చిన్న గుంటలో నా నివాసము. ఇత్తడి శరీరము, గాజు ముఖము, గర్భమున నొక చిన్న చక్రము: ఇంతియే నా స్వరూపము. వీథి గొట్టమునుండి వచ్చు నీరు మొదట నా జల్లెడను దాటి, సన్నని రంధ్రములగుండ చొచ్చి ఆ చక్రమును త్రిప్పగా, ఆ భ్రమణము పండ్లచక్రముల మీదుగా పైకి ప్రాకి నా ముఖమున అంకెలుగా మారును. నల్లని అంకెలు కిలోలీటర్లను, ఎఱ్ఱనివి లీటర్లను తెలుపును. వాని నడుమ చుక్క యాకారముగల చిన్న బిళ్ల యొకటి కలదు. ధార సన్ననిదైనను అన్నిటికంటె ముందు కదలునది అదియే.

నన్ను దాటిపోవు నీటి చరిత్ర నెఱిగినవారికి నా వృత్తియెడ ఆదరము కలుగకమానదు. 1908లో మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి నిర్మితములైన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను సిద్ధమై, చిరకాలము ఈ పురజనుల దాహమును తీర్చినవి. నగరము పెరిగినది. మంజీర వచ్చినది, సింగూరు వచ్చినది. అవియు చాలక, నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి కృష్ణను, ఎల్లంపల్లినుండి గోదావరిని తీసికొనిరావలసివచ్చినది. ఆ కృష్ణాజలము నిచ్చు నాగార్జునసాగర జలాశయము అంచుదాక నిండినప్పుడు సైతము దాని నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగుల ఎత్తు. మా నగరము నిలిచిన పీఠభూమి అంతకంటె వేయి అడుగులకు పైగా ఎత్తున నున్నది. కావున నా చక్రమును త్రిప్పు కృష్ణాజలము తనంత తాను పాఱి వచ్చినది కాదు; రేయింబవళ్లు తిరుగు పంపుల బలముతో, అపారమైన విద్యుత్తును వ్యయపఱచి, మెట్టుమెట్టుగా ఎక్కింపబడినది.

ఇంత ప్రయాసతో వచ్చిన నీటికి చాలకాలము అనేక గృహములలో లెక్కయే లేకుండెను. మీటరు లేని ఇండ్లకును, ఉండియు తిరుగని మీటరుగల ఇండ్లకును అంచనాపైననే బిల్లు వచ్చుచుండుటచే, పది బిందెలతో గడుపుకొన్నవారును నూరు బిందెలు పాఱబోసినవారును ఒకే మొత్తమును చెల్లించుచుండిరి. 2021 జనవరిలో గృహములకు నెలకు 20,000 లీటర్లవరకు ఉచితముగా ఇచ్చు పథకమారంభమైనప్పుడు, బస్తీలకు తప్ప తక్కిన ఇండ్లకు నగరపు నీటిసరఫరా సంస్థయైన జలమండలి ఒక నియమమును విధించినది: పనిచేయు మీటరుండవలెను. నేనీ యింటికి వచ్చినది ఆ సందర్భముననే. ఆ ఉచిత పరిమాణమును ఐదుగురి కుటుంబమునకు పంచిచూచినచో తలకు దినమునకు 133 లీటర్లు వచ్చును; మురుగుకాలువల వ్యవస్థగల నగరములకు మన దేశమున ప్రమాణముగా గ్రహించిన 135 లీటర్లకు ఇది మిక్కిలి చేరువ.

ఊరక వచ్చు నీటిని ఎవరు పొదుపు చేయుదురని ఆక్షేపించినవారు కలరు. నేను కన్నది వేఱు. వెల లేనిదైనను హద్దు గలది గనుక, ఈ యింటి గృహిణి నీరు వచ్చిన ప్రతిసారియు నా మూత తెఱచి అంకెను క్యాలెండరుపై వ్రాసికొనసాగినది. ఒక నెల వాడుక అకారణముగా పెరిగినది. చుట్టములు రాలేదు, శుభకార్యము లేదు. ఆమె చింతించుచుండగా, వాల్వు త్రిప్ప వచ్చిన లైన్‌మన్ వాకిట నిలిచి, "అమ్మా, మీ సంపు నిండి నీళ్లన్నీ మోరీలకే పోతున్నయి. ఫ్లోటు పోయినట్టున్నది, చూపియ్యుండ్రి" అని చెప్పెను. సంపు నిండగానే తేలి ద్వారమును మూయవలసిన బంతి విఱిగి, అందఱును నిద్రించువేళ నీరు పొంగి పోవుచున్నదన్నమాట. కొన్ని వందల రూపాయల వస్తువు మార్చినంతనే వాడుక యథాస్థానమునకు దిగినది. నగరమున ఇట్లు పొంగుచున్న సంపులెన్నియో తలచికొన్నప్పుడెల్ల నాకు దుఃఖము కలుగును.

సంపు దాటిన నీటిపై నాకు చూపు లేదు. వంటింటి కొళాయి చుక్కచుక్కగా కాఱుచున్నను, మేడపై ట్యాంకు పొరలుచున్నను వెంటనే కనిపెట్టు శక్తి నాకు లేదు. ఆ నష్టము కొన్నిదినములకు సంపు మరల నిండునప్పుడు మాత్రమే నా లెక్కకెక్కును. నల్లాకు మోటారు బిగించి గొట్టమునుండి నీటిని పీల్చు ఇంటిలోని నా సహోదరుడు తన ఇంటి లీటర్లను చూపగలడే గాని, చివరి ఇంటికి ధార సన్నగిల్లిన సంగతిని చూపజాలడు.

వ్యాపారస్థలములలో పని చేయు మావారి బ్రదుకు వేఱు. అచ్చట ఉచితము లేదు, వెలయు హెచ్చు. అందుచే హోటలు యజమాని మావైపు శ్రద్ధతోనే చూచును. బెంగళూరు నగరము 2024 వేసవిలో నీటికి కటకటపడినప్పుడు, వాణిజ్యసంస్థలు తమ కొళాయిలకు ఏరేటర్లు బిగింపవలెనని అచ్చటి జలమండలి ఆజ్ఞాపించినది. గాలిని కలిపి ధారను పలుచన చేయు ఆ చిన్న జాలీ చేతులు కడుగుకొనువానికి లోటు తెలియనీయకయే నీటిని మిగుల్చును. మా నగరపు భోజనశాలలన్నిటను అది యుండవలెనని నా గాఢమైన కోరిక.

నన్ను అన్నిటికంటె బాధించినది ఈ ఆవరణలోని బోరు. నా నెల లెక్క 20,000 లీటర్లు దాటకుండుటకై ఇంటివారు తక్కిన అవసరములకు దానినే తోడుచుండిరి. బట్టలుతుకుటయు, వాకిలి కడుగుటయు, కారు తుడుచుటయు దానితోనే. దానికి మీటరు లేదు, బిల్లు లేదు. బోర్లను నియంత్రించుటకు, వాననీటిని భూమిలో ఇంకించుటకు 2002లోనే జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము వచ్చియున్నను, ఈ యింటి ఇంకుడుగుంత ఆకులలముతో పూడి, మేడపై పడిన వాన వీథిలోనికే పోవుచుండెను. నా పొదుపు సగము అబద్ధమనిపించెడిది.

గడచిన వేసవిలో బోరు నీరు తగ్గి మోటారు ఉత్తగాలిని పీల్చినప్పుడు, ఇంటి పెద్దాయన ప్లంబరును పిలిపించి, బోరు గొట్టమునకు కూడ మావాని నొకని బిగింపించెను. నెల తిరిగినప్పుడు ఇరువురి అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడగా, భూగర్భమునుండి తోడినది నా ద్వారా వచ్చినదానికంటె అధికమని తేలినది. తొలకరికి ముందే పూడికను తీయించి, కంకరను, ఇసుకను మార్పించి, మేడ గొట్టమును ఇంకుడుగుంతలోనికి మరల్చిరి. ఎదుటి అపార్టుమెంటున అన్ని ఫ్లాట్లకును కలిపి ఒకే మీటరు. ఎవరెంత వాడిరో తెలియక నెలనెల తగవు. ఆ సంఘమువారు నిన్న వచ్చి, మా ఇరువురి అంకెలను చూచి, ఫ్లాటునకొక మీటరు పెట్టింప ఎంతయగునో అదే ప్లంబరును విచారించిరి.